తాటిముంజె రంగు బండికి టాపు

జూన్ 2, సోమవారం

రెండు ఆటో టాపులు, ఒక ట్రాక్టరు సీటు. వచ్చినవాడల్లా అదే ప్రశ్న — "మేస్త్రి లేడామ్మా?" గుడ్డ నా ఒళ్ళో ఉంది, కత్తెర నా చేతిలో ఉంది, మిషన్ మీద నా కాలు ఉంది. ఇంకెక్కడ వెతుకుతాడు మేస్త్రిని. కౌంటరు కిందా.

సాయంత్రం సుభానీ మావయ్య ఫోన్ పెట్టేసి నవ్వాడు. షాపు ఆయనది కాబట్టి నవ్వడానికి తీరిక ఉంటుంది.

"కృపా, రేపు బందరు పోదాం. ఎవరో నర్సమ్మంట. కారుకి టాపు కుట్టాలంట."

"కారుకి టాపేంటి? రేకు ఉంటదిగా."

"నేనూ అదే అడిగా. ముందొచ్చి చూడండి, తర్వాత మాట్లాడండి అని పెట్టేసింది."

నాకు ఆ మనిషి అప్పుడే నచ్చింది.

జూన్ 3, మంగళవారం

చూశాను.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు... సరే, షెడ్డు దగ్గర మొదలుపెడతాను. బందరులో ఆవిడ ఇంటి పక్కనే రేకుల షెడ్డు. కరుణమ్మ గారు. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకున్న మొహం కాదు. ఎడంచేత్తో దుప్పటి కొస పట్టుకుని ఒక్క లాగు లాగారు.

తాటిముంజె రంగు. తెలుపు కాదు. ముంజె పైతొక్క ఒలిస్తే లోపల్నుంచి వెలుతురు వచ్చినట్టు ఉంటుందే — అది. నా నడుం ఎత్తు కూడా లేదు. ముక్కు నుంచి తోక దాకా ఒకటే గీత, మధ్యలో చెయ్యి ఎత్తకుండా గీసినట్టు. రోజూ నేను సీటు కవర్లు తొడిగే కార్లన్నీ ఏంటి? పెట్టెలు. చక్రాలున్న పెట్టెలు. దీన్ని గీసినవాడికి కోపమనేదే తెలియకపోయి ఉండాలి. లేదంటే ఉన్న కోపమంతా దీంట్లో పోసేసి ఉండాలి.

ఇటలీ బండి. ఆవిడ అన్నగారు ఓడల్లో ఇంజనీరు. పని మానుకుని వచ్చేసేటప్పుడు ఓడలోనే వేసుకొచ్చారు. ఆయన పోయాక ఈవిడ నడిపారు — డ్యూటీకి, చర్చికి, చేపల మార్కెట్టుకి. రెండే సీట్లు, ఎర్ర తోలు. స్టీరింగు చెక్కది, ఎడమవైపు ఉంది. గుండ్రటి మీటర్ల మీద ఆక్వా, ఓలియో, బెంజీనా అని రాసి ఉంది. ఫోన్లో చూశాను. నీళ్ళు, నూనె, పెట్రోలు. నూనెకి కూడా ఎంత బాగా పేరు పెట్టారు.

టాపు మాత్రం పీలికలు.

"అమ్మేస్తున్నా," అన్నారు ఆవిడ. "కుడి భుజం పట్టేసింది. గేరు వెయ్యలేను. నడపలేని బండిని ఉంచుకుని ఏం చెయ్యను, ఊరగాయ పెట్టనా?"

విశాఖ నుంచి ఒకాయన వస్తాడట ఇరవయ్యొకటిన. రఘురామ్ గారు. పాత బండ్లు కొని, నిజంగా రోడ్డు మీద నడుపుకునే మనిషి. కానీ ఆయన ఫోన్లో ఒకటే అడిగాడట — టాపు తెరుచుకుంటుందా, మూసుకుంటుందా?

"మూసుకోకపోతే?" సుభానీ మావయ్య.

"మూసుకోకపోతే అది బండి కాదయ్యా, బొమ్మ. బొమ్మైతే కొనడానికి వీడు ఇంకొకణ్ణి చూసిపెట్టాడు."

వీడు అంటే ఆవిడ మేనల్లుడు జాన్సన్. గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు: "గుడివాడలో ఫంక్షన్ హాలుంది కదా, ప్రసాదు గారిది. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ దీంట్లో కూర్చోబెట్టి స్టేజీ దాకా తోయిస్తాడంట. సూపర్‌గా ఉంటది. ఇంజను తీసేస్తే తేలిగ్గా పోద్ది."

ఇంజను తీసేస్తే.

ఎంత మామూలుగా అన్నాడు! చేపకి పొట్ట తీసేస్తే అన్నట్టు.

ఎవరూ అడగలేదు. నా నోరే అంది: "నేను కుడతానండి." సుభానీ మావయ్య నా కాలు తొక్కాడు. తొక్కనీ.

జూన్ 4, బుధవారం

ఆటో టాపు కుడుతున్నాను. ఆటో అసహ్యంగా కనిపిస్తోంది. దాని తప్పేముంది పాపం.

జూన్ 5, గురువారం

పొద్దున్నే గుడివాడ నుంచి ప్యాసింజర్లో బందరు. ఒక్కదాన్నే. మావయ్య రానన్నాడు — "నువ్వే ఒప్పుకున్నావుగా, నువ్వే పడు."

పాత టాపు ఊడదీశాను. ఈ పని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాతదాన్ని కుట్టు కుట్టూ విప్పడం, ముక్కలు వరసగా పరవడం, కొత్త గుడ్డ మీద పెట్టి గీసుకోవడం, కోసుకోవడం. అంతే. విప్పిన ప్రతి టాపూ ఒక మేస్త్రి నాకు. చాలామంది తప్పుడు మేస్త్రులు. వీడు మాత్రం... లోపలి కుట్టు కూడా బయటి కుట్టంత శుభ్రంగా ఉంది. రెండు మడతల మధ్య, ఎవరి కంటా పడని చోట. ఎవరు చూస్తారని కుట్టావయ్యా? నేను చూశాను.

గుడ్డ కింద వంపు తిరిగిన ఇనప కమ్మీలు, ఆటోకి ఉన్నట్టే. వాటి మీదుగా ముందు నుంచి వెనక్కి రెండు నవారు పట్టీలు. మునివేళ్ళతో ముట్టుకుంటే పొడైపోయాయి. తలకి ఇనుము తగలకుండా మెత్తదనానికి వేసి ఉంటారు. ఊడ్చి పారేశాను.

కరుణమ్మ గారు పీట వేసుకుని పక్కనే కూర్చున్నారు. తనిఖీ అనుకున్నాను. కాదు, మాట్లాడటానికి.

ఒకసారి దివిసీమ నుంచి, నాగాయలంక అవతల్నుంచి, పురిటినొప్పుల మనిషిని ఇందులోనే బందరు తెచ్చారట. పులిగడ్డ దగ్గర లారీ అడ్డం పడి బస్సులు ఆగిపోయాయి, ఇది సందులోంచి దూరింది. ఆ అమ్మాయి పక్క సీట్లో. మొగుడికి చోటు లేదు. మడిచిన టాపు మీద కూర్చోబెట్టారు, వెనక్కి తిరిగి డిక్కీ పట్టుకోమని. "దారంతా వాడే ఎక్కువ అరిచాడు," అన్నారు. "ఆసుపత్రి మెట్ల దగ్గర దిగి, అమ్మా, ఇంకోసారి పిల్లలొద్దమ్మా అన్నాడు. తర్వాత ముగ్గుర్ని కన్నారు."

"ఊళ్ళో ఏమనేవాళ్ళు కాదాండీ మిమ్మల్ని?"

"అనేవాళ్ళు. స్పీడుగా వెళ్తే వినపడదు."

ఇంటికి వచ్చేదాకా రైల్లో ఆ మాటే చప్పరిస్తూ వచ్చాను.

జూన్ 6, శుక్రవారం

గొడవ.

"రెక్సిన్ వేసెయ్. మెరుస్తది. కొనేవాడికి మెరుపే కావాల."

"బ్యాండుమేళం వాళ్ళ టోపీ కాదు మావయ్యా అది."

"నీకు బండి దెయ్యం పట్టింది."

పట్టింది. బెజవాడ నుంచి రబ్బరు పూత కాన్వాసు తెప్పించమన్నాను. గొణిగాడు. తెప్పించాడు. ఆయన అంతే, ముందు గొణుగుడు, తర్వాత పని. నాకు ముందు అరుపు, తర్వాత పని. అందుకే ఆ షాపులో ఇద్దరం బతుకుతున్నాం.

జూన్ 8, ఆదివారం

చర్చి. పొరుగువాడి ఎద్దు మీదా గాడిద మీదా ఆశపడకూడదన్నారు పాస్టరు గారు. కార్ల సంగతి ఎత్తలేదు.

జూన్ 9, సోమవారం

కోత అయింది. కుట్టు అయింది. మిషన్ మీద అంత మందం గుడ్డ పడితే సూది మూలుగుతుంది. మూలగనీ. ప్రతి కుట్టూ చూసుకున్నాను. లోపలివి కూడా. ముఖ్యంగా లోపలివి.

జూన్ 10, మంగళవారం

బందరులో బిగించాను. ముందు రెండు గొళ్ళేలు టక్కు టక్కున పడ్డాయి. ఎక్కడా ముడత లేదు. గోటితో మీటితే డప్పులా మోగింది. నల్ల కాన్వాసు, కింద ముంజె రంగు — అబ్బ! జాన్సన్ కూడా ఫోన్లోంచి తల ఎత్తాడు. ఫొటోలు తీశాడు. సుభానీ మావయ్య ఇవాళ వచ్చాడు, ఫొటోలో ముందు నిలబడ్డాడు. "మా పనే అండి," అన్నాడు. మా పనంట. ఊరుకున్నాను. అంత సంతోషంగా ఉన్నాను మరి.

కరుణమ్మ గారు చుట్టూ తిరిగి చూశారు. "బాగుంది. ఇప్పుడు తెరువు."

గొళ్ళేలు తీశాను. వెనక్కి నెట్టాను. మొదటి కమ్మీ వచ్చింది. రెండోది ఎటో జారి దాని మీద కూర్చుంది. మధ్యలో గుడ్డ నలిగింది. మళ్ళీ ముందుకి లాగి, మళ్ళీ నెట్టాను. ఈసారి ఇంకోచోట నలిగింది. చెమటలు. అందరూ చూస్తున్నారు. బలంగా నెట్టాను.

చిరిగింది. వేలు పట్టేంత.

జాన్సన్ నవ్వలేదు. నవ్వితే కొట్టేదాన్ని, బాగుండేది. "ప్రసాదు గారికి ఫోన్ చేస్తా," అని బయటికి వెళ్ళాడు.

కరుణమ్మ గారు ఒకటే అడిగారు — "టీ తాగుతావా?"

తిట్టినా పోయేది.

జూన్ 11, బుధవారం

కారణం తెలుసు నాకు. కాదు, సగం తెలుసు. ఆటో టాపు ఒకసారి బిగిస్తే చచ్చేదాకా బిగిసే ఉంటుంది. తెరవాల్సిన పని లేదు. ఇన్నేళ్ళూ ఈ చేతులు నేర్చుకున్నది బిగించడం ఒక్కటే. విప్పి మడిచి మళ్ళీ పరిచే గుడ్డ ఎలా ఉండాలో వీటికి తెలియదు. కానీ గుడ్డ వదులు చేసినా కమ్మీలు ఎందుకు జారుతున్నాయి? అది తెలియడం లేదు.

సుభానీ మావయ్య సలహా: "విశాఖ ఆయన వచ్చినప్పుడు మూసే ఉంచుదాం. కొత్త గుడ్డండి, నాలుగు రోజులు సాగాలండి, తెరవమాకండి అందాం."

"అని?"

"అని అమ్మేస్తారు."

"ఆయన విశాఖ వెళ్ళి తెరిచాక?"

"విశాఖ దూరమేగా."

కత్తెర విసిరాను. ఆయన మీదికి కాదు. గోడ మీదికి.

జూన్ 12, గురువారం

దొరికింది!!

మధ్యాహ్నం మావయ్య షాపు ముందు మడతమంచం మీద పడుకున్నాడు. పాత మంచం, కత్తెర కాళ్ళది. నవారు పుటుక్కున తెగింది. కాళ్ళు రెండు వైపులకీ జారిపోయాయి, మావయ్య నడుం నేలకి తగిలింది. "యా అల్లా" అని అరిచాడు. కొట్టు కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను.

నవారు ఉన్నంతసేపే ఆ కాళ్ళు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాయి. నవారు పడుకోవడానికే అనుకుంటాం. కాళ్ళని పట్టి ఉంచేదీ అదే.

పట్టీలు! నేను ఊడ్చి పారేసిన పట్టీలు!

మెత్తదనానికి కాదు. ఒక్కో కమ్మీ ఎంత దూరంలో ఆగాలో ఆ పట్టీలే చెప్పేవి. ఆటోకి కమ్మీలు వెల్డింగు చేసి ఉంటాయి, అక్కడ వాటికి చోటు చెప్పాల్సిన పని లేదు. ఆటోలు కుట్టి కుట్టి ఇనుమంటే కదలనిది అనుకున్నాను. బండి వెన్ను తీసి చెత్తలో వేసి, పైన చొక్కా తొడిగాను. గాడిద! నేనే.

"నడుం విరిగిందే," అంటున్నాడు మావయ్య కింద నుంచి.

"నీకు దణ్ణం పెడతా మావయ్యా," అన్నాను. వెటకారం అనుకుని తిట్టాడు.

జూన్ 13, శుక్రవారం

పట్టీలు ఎంత పొడవు? అవి పొడై పోయాయి. కమ్మీలు ఎక్కడ ఆగేవో ఎవరు చెప్తారు? కరుణమ్మ గారికి ఫోన్ చేశాను. "నేను నడిపానమ్మా, కొలవలేదు."

పాత టాపు ముక్కలు తిరగేశాను. లోపలివైపు. ఉన్నాయి — కమ్మీల తుప్పు చారలు, అడ్డంగా, ఎక్కడికక్కడ. ఇన్నేళ్ళు ఒకేచోట ఆనుకుని మచ్చ పడింది. మచ్చకీ మచ్చకీ మధ్య దూరమే పట్టీ పొడవు. కొలిచాను. తప్పు చేసిన చోటే కూర్చుని కొలిచాను.

జూన్ 16, సోమవారం

చిరిగిన ముక్క తీసేసి కొత్తది వేశాను. మడత పడే చోటల్లా కాస్త గుడ్డ వదిలాను. నూలు నవారు రెండు మూరలు... కాదు, ఎక్కువే కొన్నాను. కొట్టువాడు "ఏం మంచమమ్మా" అన్నాడు. "ఇటలీ మంచం" అన్నాను.

జూన్ 18, బుధవారం

బందరు. పట్టీలు బిగించి, పైన టాపు వేశాను. గొళ్ళేలు తీసి చెయ్యి పెట్టాను. నెట్టాల్సిన పని లేదు. ఒక కమ్మీ వెనక ఇంకోటి, బడి వదిలాక పిల్లలు వరసలో వెళ్ళినట్టు, వెళ్ళి పడుకున్నాయి. గుడ్డ తనంతట తనే మడిచిన దుప్పటయింది.

కరుణమ్మ గారు వచ్చి సీట్లో కూర్చున్నారు. ఎడంచెయ్యి వెనక్కి చాచి లాగారు. టాపు లేచి వచ్చింది. గొళ్ళెం పెట్టారు. తీశారు. మడిచారు. మళ్ళీ లాగారు. అలా ఎన్నిసార్లో. చిన్నపిల్ల ఇంటి తలుపుతో ఆడుకున్నట్టు. తర్వాత —

"మా అన్నయ్య కూడా ఇంత తేలిగ్గా తీసేవాడు కాదు."

నేను షెడ్డు వెనక్కి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

జూన్ 19, గురువారం

ఫంక్షన్ హాలు ప్రసాదు గారు ఇవాళ షాపుకొచ్చాడు. తెల్ల చొక్కా, సెంటు. "మేస్త్రి లేడా" అంటాడనుకున్నాను. అనలేదు. "కృపంటే నువ్వేనామ్మా?" అన్నాడు. తిన్నగా.

జాన్సన్ ఫొటోలు చూపించాడట. "నీ టాపు చూశా. ఆ బండి నాకొస్తే టాపు అట్టాగే ఉంచుతా. హాల్లోకి రాగానే ఎదురుగా బండి. పక్కన బోర్డు — కుట్టినవారు కృప, గుడివాడ. కుర్చీల కవర్లు, స్టేజీ గుడ్డలు, షామియానాలు, అన్నీ నీకే. సుభానీకి కాదు, నీకు. సొంతంగా పెట్టుకో."

"ఇంజను?"

"ఇంజనేం చేసుకుంటామమ్మా హాల్లో?" నవ్వాడు. నిజానికి మంచివాడే. అదే ఇబ్బంది.

"ఆ నర్సమ్మ గారు నీ మాట వింటారంట కదా. ఒక మాట చెప్పు."

సుభానీ మావయ్య మిషన్‌కి నూనె వేస్తున్నట్టు నటిస్తున్నాడు. ప్రసాదు గారు వెళ్ళాక అడిగాడు — "ఏం చెప్పావ్?"

"ఏం చెప్పలేదు."

"నా షాపు పాతదే. గోడలు కూడా పాతవే. నీ ఇష్టం." అని టీకి వెళ్ళాడు. నాకూ ఒకటి తెచ్చాడు.

కృప, గుడివాడ. బోర్డు మీద ఎలా ఉంటుందో గుడ్డ ముక్క మీద సుద్దతో రాసి చూశాను. చెరిపేశాను.

జూన్ 21, శనివారం

అంతా రాయాలి. వరసగా.

రఘురామ్ గారు వచ్చారు. సన్నటి మనిషి, గడ్డం నెరిసింది. బండి చుట్టూ తిరగలేదు. నేరుగా కింద పడుకుని చూశారు. లేచి, చేతులు తుడుచుకుని, టాపు తెరిచారు, మూశారు. "నడిపి చూడొచ్చా అండి?"

కరుణమ్మ గారు: "అవనిగడ్డ దాకా వెళ్ళిరండి. ఈ అమ్మాయి పక్కన కూర్చుంటుంది."

నేనా?

"టాపు కుట్టింది అదే. దారిలో ఏదైనా ఊడితే కుట్టేది కూడా అదే."

కూర్చున్నాను. ఎర్ర తోలు మీద. నేల ఇంత దగ్గరగా ఉంటుందని తెలియదు. తాళం తిప్పారు. ఆ శబ్దం... గొంతు సవరించుకుని పాట అందుకోబోయే మనిషిలా ఉంది. టాపు తీసేసి ఉంది. నెత్తి మీద ఏమీ లేదు. ఉత్త ఆకాశం.

స్టీరింగు ఎడమవైపు కాబట్టి ముందు లారీ ఉంటే ఆయనకి ఎదురు దారి కనపడదు. కుడివైపు కూర్చున్నవాళ్ళు చెప్పాలి. కరుణమ్మ గారు ఎక్కేముందే చెప్పారు నాకు: "నువ్వు కళ్ళు. భయపడితే భయపడ్డానని చెప్పు, అబద్ధం మాత్రం చెప్పకు."

"వెళ్ళొచ్చా?"

"ఆగండి, బస్సు... ఆ, వెళ్ళొచ్చండి!"

వెళ్ళాం. గడ్డి లారీని దాటేసి వెళ్ళాం. చల్లపల్లి దాటాం, మోపిదేవి దాటాం. ఎండిన మళ్ళు, కాలవ గట్లు, గట్ల మీద మనుషులు. బర్రెలు కూడా తల తిప్పాయి. సైకిల్ మీద ఒక తాత దిగి నిలబడి చూశాడు. నా జుట్టు నా నోట్లో. పులిగడ్డ వంతెన మీద గాలి కృష్ణలోంచి లేచి వచ్చి మా మధ్య నుంచి వెళ్ళింది. నాకు నవ్వొచ్చింది, ఆగలేదు. ఆయనా నవ్వారు. బాగా నడుపుతున్నారు. గుంట కనపడితే ముందే తగ్గిస్తున్నారు. గేరు మారినప్పుడు తెలియడం లేదు. బండిని మందలించడం లేదు, వింటున్నారు.

స్పీడుగా వెళ్తే నిజంగానే వినపడదు.

అవనిగడ్డలో టీకొట్టు దగ్గర ఆపారు. జనం మూగారు. "ఎంతండీ మైలేజీ?" "టాపు లేదేంటండీ, డబ్బులు చాల్లేదా?" రఘురామ్ గారు ఒక్క చేత్తో టాపు లాగి మూశారు. జనం ఓ అన్నారు. నాకు ఒళ్ళంతా పొంగింది. ఆయన కుట్లు వేలితో తడిమారు. లోపలివి కూడా.

"చాలా బాగా కుట్టావమ్మా. ఎక్కడ నేర్చుకున్నావ్?"

"పాతవి విప్పి అండి."

తల ఊపారు. టీ తాగారు. తర్వాత, మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు —

"ఇటలీలో వీటికి అసలు టాపులు ఇప్పటికీ చేస్తారు. అదే గుడ్డ, అదే కొలత. తెప్పిస్తాను. అప్పటిదాకా ఇది చక్కగా పనికొస్తుంది."

పనికొస్తుంది.

ఆయనది తప్పు కాదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలంటాడు. కానీ నాకు మండింది. చెవుల దాకా మండింది. అసలు అంట. నాదేంటి, నకిలీయా? నా కళ్ళు పోగొట్టుకుని, నవారు కొలిచి, మచ్చలు కొలిచి...

తిరిగి వచ్చేటప్పుడు నేను రోడ్డు చూడలేదు. చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ముందు ఇసుక లారీ.

"వెళ్ళొచ్చా?"

మాట్లాడలేదు.

"వెళ్ళొచ్చా అమ్మా?"

మాట్లాడలేదు. ఆయన వెళ్ళలేదు. అడిగి, లారీ వెనకే దుమ్ము తింటూ, ఓపిగ్గా, నా మొహం కేసి కూడా చూడకుండా. ఇంకోడైతే విసుక్కునేవాడు. ఇంకోడైతే గుడ్డిగా దూరేవాడు.

తల ఎత్తాను. ఎదురుగా ట్రాక్టరు. "ఆగండి." ట్రాక్టరు పోయింది. "ఇప్పుడు వెళ్ళండి."

వెళ్ళాం.

జూన్ 22, ఆదివారం

మధ్యాహ్నం కరుణమ్మ గారు ఫోన్ చేశారు. పలకరింపు లేదు.

"ప్రసాదూ అడుగుతున్నాడు, ఈయనా అడుగుతున్నాడు. జాన్సన్‌గాడు నా చెవి కొరికేస్తున్నాడు. నువ్వు పక్కన కూర్చున్నావు. ఎలా నడిపాడు?"

అంతే అడిగారు.

నాకు తెలుసు, ఒక్క మాట చాలు. గేరు విరగ్గొట్టేలా వేశాడండి అంటే చాలు. గుంటల్లో దూకించాడండి అన్నా చాలు. ఆవిడ నమ్ముతారు. బండి గుడివాడ వస్తుంది. నా టాపు ఉంటుంది. పక్కన నా పేరుంటుంది. ఇంజను ఉండదు.

"ఏమ్మా, ఉన్నావా?"

"ఉన్నానండి."

"నీ టాపు తీసేస్తాడట. నాకూ చెప్పాడు. దాచలేదు. అందుకే నిన్నడుగుతున్నా. బాగా ఆలోచించి చెప్పు."

ఆలోచిస్తే చెప్పలేను. "బాగా నడిపారండి," అన్నాను. "చాలా బాగా నడిపారు. నేను వెళ్ళమంటే వెళ్ళారు, ఆగమంటే ఆగారు. మాట్లాడకపోయినా ఆగారు."

"అయితే సరే."

పెట్టేశారు. థాంక్స్ లేదు. నాకు అక్కర్లేదు. గిన్నెలన్నీ తోమాను. తోమినవి కూడా మళ్ళీ తోమాను. అమ్మ "ఏంటే ఆ మోత" అంది.

జూన్ 23, సోమవారం

ప్రసాదు గారి మనిషి వచ్చి, కుర్చీ కవర్ల సంగతి తర్వాత చూద్దామన్నారని చెప్పి వెళ్ళాడు. తర్వాత అంటే తెలుసు.

ట్రాక్టరు సీటు ఒకటి. ఆటో టాపు ఒకటి.

జూన్ 25, బుధవారం

పొద్దున్నుంచి వాన. ఈ ఏడాది మొదటి గట్టి వాన.

రఘురామ్ గారు ఇవాళే బండి తీసుకెళ్తున్నారని తెలుసు. లారీలో ఎక్కించడం లేదు, నడుపుకునే వెళ్తారట విశాఖ దాకా. ఈ వానలోనా అన్నాను. "నేనూ అదే అన్నా. టాపుందిగా అన్నాడు," అన్నారు కరుణమ్మ గారు. బండి దుప్పటి ఉతకడానికి వేశానని చెప్పి పెట్టేశారు.

పదకొండు దాటాక మా షాపు ముందు నుంచే వెళ్ళింది, హనుమాన్ జంక్షన్ రోడ్డుకి. నేను మిషన్ దగ్గర్నుంచి లేచి బయటికి పరిగెత్తాను. వానలో నిలబడ్డాను. ముంజె రంగు తడిసి ఇంకా తెల్లగా ఉంది. టాపు మూసి ఉంది. నీళ్ళు కాన్వాసు మీద నిలవడం లేదు, ముత్యాల్లా దొర్లి పోతున్నాయి. ముడత లేదు. నాలుగు మూలలూ చూశాను. మూడు మూలలు చూశాను, నిజం చెప్పాలంటే. అవతలి వైపు వెనక మూల కనపడలేదు. దాని కుట్టుకి నీళ్ళు దిగకుండా మైనం రుద్దానో లేదో గుర్తు రావడం లేదు. రుద్దే ఉంటాను. ఎప్పుడూ రుద్దుతాను. కానీ గుర్తు రావడం లేదు.

ఆయన నన్ను చూశారో లేదో. హారన్ కొట్టలేదు. ఆటోల మధ్య నుంచి, పెట్టెల మధ్య నుంచి, నేలకి ఆనుకుని, తీరిగ్గా వెళ్ళిపోయింది. ఇంజను శబ్దం మాత్రం వాన శబ్దంలో కాసేపు విడిగా వినపడింది.

"లోపలికి రా, జొరమొస్తది," అన్నాడు సుభానీ మావయ్య. తన తువ్వాలు ఇచ్చాడు. "కుట్టింది నా షాపులో పిల్లేనని టీకొట్లో చెప్పాన్లే." చెప్పాట్ట. మా పనే అనలేదు.

రెండింటికి ఫోన్ తీశాను, రఘురామ్ గారికి. "నీళ్ళు కారుతున్నాయాండీ" అని కొట్టాను. చెరిపేశాను. నడుపుతూ ఉంటారు.

మూడింటికి మళ్ళీ తీశాను. "కొత్తది వచ్చాక పాతది పారెయ్యకండి, నాకు పంపండి" అని పెట్టేశాను. పంపాక చదువుకున్నాను. పాతది అంట. నేనే రాశాను ఆ మాట, పట్టుమని నెల రోజులు కాని గుడ్డని.

ఒక టిక్కే పడింది. ఇంకా ఒకటే. వాన తగ్గలేదు ఇక్కడ, అక్కడ ఎలా ఉందో...